సర్వర్ గారు

రోజూ తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి నేను రైల్లోనే వెళ్తాను. ఆ రోజు ప్యాసింజరు రద్దయిందంటే బస్సెక్కాను. దెందులూరు దగ్గర, హైవే పక్కన సర్వీసు రోడ్డు మీద, రెండు సరుగుడు కర్రలకి కట్టిన ఫ్లెక్సీలో ఆయన కనిపించారు. పైన ‘కన్నీటి నివాళి’ అని ఎర్ర అక్షరాలు. పేరున్న చోట తాడు ఊడి ఫ్లెక్సీ మడతపడింది. నాకు పేరు అక్కర్లేదు. పెదవులు విప్పకుండా బుగ్గల్లోనే ఆపేసుకునే ఆ నవ్వుని చాలా ఏళ్ళు చూశాను. కండక్టర్ని బతిమాలి అక్కడే దిగిపోయాను.

ఎదురుగా టీ కొట్టు ఉంది. కొట్టతన్ని అడిగాను.

“పోయిన వారమండి. పాల ప్యాకెట్టు కోసం వచ్చి రోడ్డు దాటుతుంటే బండి గుద్దేసిందండి. మేం ఇటు నుంచి కేకలేశాం. వినపడి ఆగారు గానీ, బండి ఎటు నుంచి వస్తోందో కనపడాలి కదండి.”

“కనపడకపోవడమేంటండీ?”

“చూపు లేదు కదండి ఆయనకి. షుగరు కళ్ళకెక్కేసింది. మీకు తెలీదా?”

నాకు తెలీదు. నేను పనిచేసేది ఏలూరులో కంటాసుపత్రిలో. షుగరున్నవాళ్ళ కంటి లోపల ఫోటో తీయడమే నా ఉద్యోగం. ఆయనా చాలా కాలం ఆ ఆసుపత్రిలోనే పనిచేశారు. ఆ ఊరి నుంచి ఆటో ఎక్కితే మా గేటు ముందు దిగొచ్చు. ఆయన మాత్రం రాలేదు.

మా ఆసుపత్రి ఒక ట్రస్టుది. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళలో క్యాంపులు పెట్టి, చూపు తగ్గినవాళ్ళని బస్సులో తీసుకొచ్చి వైద్యం చేసి పంపిస్తారు. మెట్ల కింద చిన్న ఏసీ గది ఒకటి ఉండేది. ఆసుపత్రిలో కంప్యూటర్లన్నిటికీ పెద్దదిక్కులాంటి సర్వరు అందులో ఉండేది. దాన్ని చూసుకునే మనిషి కాబట్టి ఆయన మా అందరికీ సర్వర్ గారు.

మనవైపు సర్వరంటే హోటల్లో ఇడ్లీ తెచ్చే మనిషే కదా. కొత్తగా చేరిన నర్సమ్మలు ఆ గది ముందు నిలబడి, “సర్వర్ గారూ, రెండిడ్లీ ఒక వడ” అని ఆటపట్టించేవాళ్ళు. ఆయన తలుపు సందులోంచి తల బయటపెట్టి, “ఇడ్లీ అయిపోయిందండీ. డిస్కులో చోటు కూడా అయిపోయింది. ఎవరో పెళ్ళి వీడియో తెచ్చి ఇందులో పెట్టారు, ఎవరిదండీ అది?” అనేవారు. అంతకు మించి కోపం వచ్చేది కాదు. ఆ వీడియోని తీసెయ్యడానికీ చేతులొచ్చేవి కావు. “ఎవరి పెళ్ళో ఏమో, మనం చెరిపితే బాగుండదు” అనేవారు.

ఏసీ చలికి స్వెట్టరు వేసుకునేవారు, రోహిణీ కార్తెలో కూడా. మధ్యమధ్య ఆ స్వెట్టరుతోనే వచ్చి మెట్ల మీద ఎండలో నిలబడేవారు. కంటికి కట్టు కట్టుకుని వరండాలో కూర్చున్న ముసలమ్మలు ఆయన్ని చూసి, “పాపం, చలిజ్వరం కాబోలు” అని జాలిపడేవాళ్ళు. పొద్దున్నే రాగానే సర్వరు మీద అరచెయ్యి ఆనించి వేడి చూసేవారు. అది తెర మీద అంకెల్లో కనిపిస్తుంది కదండీ అంటే, “అంకె చూస్తే నాకు నమ్మకం కుదరదమ్మా” అనేవారు.

ఆయనది దెందులూరులో క్రైస్తవ ఉపాధ్యాయుల కుటుంబం. ఆదివారం చర్చిలో పాటలో కింది స్థాయి గొంతు ఆయనదేనట. ఆసుపత్రిలో మాత్రం అది కూనిరాగం దాటేది కాదు. సర్వరుకి కొత్త సాఫ్ట్‌వేరు వచ్చిందని తెర మీద కబురు కనిపిస్తే, “అప్‌డేట్లన్నీ సువార్తలు కావండీ” అని నవ్వేవారు. ఏదీ నేరుగా సర్వరులోకి ఎక్కనిచ్చేవారు కాదు. గది మూల ఒక పాత కంప్యూటరుంది. దానికి ఆయన పెట్టిన పేరు అత్తగారు. ఏ కొత్త ప్రోగ్రామైనా ముందు అత్తగారి దగ్గర కొన్నాళ్ళు కాపురం చెయ్యాలి. గొడవలేం రాకపోతేనే అసలింట్లో అడుగు.

నా కెమెరాకి కొత్త సాఫ్ట్‌వేరు కావాలని నాకు తొందర. వెళ్ళి అడిగేదాన్ని. “అత్తగారు ఏమన్నారండీ?”

“ఇంకా మూతి ముడుచుకునే ఉన్నారమ్మా. నిన్న ఒకాయన కంటిని తలకిందులుగా దాచారు. ఇంకో వారం ఓపిక పట్టండి.”

కంటి లోపలి ఫోటో చూడ్డానికి అందంగా ఉంటుంది. నారింజ రంగు గుండ్రం, దాని మీద వేళ్ళలా పాకిన ఎర్రటి నరాలు. షుగరు ముదిరితే ఆ నరాల పక్కన చిన్నచిన్న నెత్తుటి చుక్కలు పడతాయి. ఈ ఏటి ఫోటో ఒక్కటే చూస్తే మా డాక్టరమ్మకి సగమే తెలుస్తుంది. కిందటేడుది, అంతకు ముందుది పక్కన పెట్టుకుంటేనే జబ్బు ఎంత జోరుగా నడుస్తోందో, ఎవరు ఆగొచ్చో, ఎవరికి ఆగడానికి లేదో తెలుస్తుంది. మండవల్లి వైపు చేపల చెరువుల కాపలావాళ్ళు, వరి కోతల కూలీలు ఎప్పుడో ఏడాదికోసారి మా చేతికి చిక్కే మనుషులు. వాళ్ళ కళ్ళన్నీ మెట్ల కింద ఆ గదిలో ఉండేవి.

ఫోటోలు పెరిగి పాత డిస్కులు నిండిపోయాయి. కొత్త డిస్కులొచ్చాయి. వాటి మీద ఏ ఫైల్ సిస్టమ్ పెట్టాలా అని ఆయన వారాల తరబడి మథనపడ్డారు. అంత ఆలోచించాల్సింది అందులో ఏముందని అడిగాను. మాది ఉల్లిపాయల వ్యాపారమని ఆయనకి తెలుసు. నాకు అర్థమయ్యేలా చెప్పారు.

“మీ నాన్నగారి గోడౌన్లో బస్తాలు పేర్చడానికో పద్ధతుంటుంది కదమ్మా. ఏది ఎక్కడుందో తెలియాలి, అడగ్గానే తీయగలగాలి. డిస్కు మీద ఫైళ్ళు పేర్చే పద్ధతే ఫైల్ సిస్టమ్. ఇప్పుడు మన దగ్గరున్నది పాతకాలం గుమస్తా లాంటిది. పెట్టమన్న చోట పెడతాడు, తెమ్మంటే తెస్తాడు. నమ్మకస్తుడే. కానీ బస్తా విప్పి చూడడు. లోపల కుళ్ళిపోయినా అలాగే తెచ్చి చేతిలో పెడతాడు.”

“కొత్తదో?”

“కొత్తవాడు బస్తా దింపుకునేటప్పుడే ఒక గుర్తు వేసుకుంటాడు. వీలు చిక్కినప్పుడల్లా విప్పి ఆ గుర్తుతో సరిచూస్తాడు. ఫోటోలు కూడా కుళ్ళుతాయమ్మా, చప్పుడు చెయ్యకుండా. వీడైతే ఆ కుళ్ళు కనిపెడతాడు.”

“మరింకేం, కొత్తవాణ్ణే పెట్టుకోండి.”

“అదే ఆలోచిస్తున్నాను” అని స్వెట్టరు చేతులు కిందికి లాక్కున్నారు.

ఆలోచన ఎందుకో తర్వాత తెలిసింది. ఒక డిస్కు చెడిపోయినా ఫోటోలు దక్కాలంటే రెండు దారులున్నాయట. ప్రతి ఫోటోనీ రెండు డిస్కుల్లో రాసుకోవడం ఒకటి. అది గట్టిది, కానీ చోటు సగానికి సగం పోతుంది. ఫోటోల్ని ముక్కలుగా డిస్కులన్నిటి మీదా పరిచి, ఒక డిస్కు పోతే దాని ముక్కల్ని మిగతావాటి నుంచి లెక్కకట్టి రాబట్టుకోవడం రెండోది. చోటు కలిసొస్తుంది. ఆయన ఎంచుకున్న కొత్త ఫైల్ సిస్టంలో ఈ రెండో దారి ఇంకా పక్వానికి రాలేదనీ, రాస్తుండగా కరెంటు పోతే ప్రమాదమనీ దాన్ని తయారుచేసినవాళ్ళే చెప్పారు. ఆయన అది చదివారు. చదివి, మనకి యూపీఎస్ ఉంది కదా అనుకున్నారు.

ఇంకొన్ని డిస్కులుంటే మొదటి దారే పట్టొచ్చు. ఆయనకి అడగడం చేతకాదు. ఒకసారి అడిగితే, “వచ్చే ఏడు చూద్దామండీ” అన్నారు మేనేజరు గారు. రెండోసారి గుమ్మం దాకా వెళ్ళి, లోపల ఎవరో ఉన్నారని వెనక్కొచ్చేశారు. విడిగా ఇంకో కాపీ దాచుకోవడానికి డిస్కు అసలు లేనే లేదు. దానిదీ వచ్చే ఏటి మాటే.

“అత్తగారు ఒప్పుకున్నారమ్మా” అని ఒక సోమవారం నాతో అన్నారు. ఆ రోజు నిజంగానే సంతోషంగా ఉన్నారు. క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పించి, తనే ప్లేట్లు పట్టుకుని నర్సమ్మలకి అందించారు.

ఫోటోలన్నీ కొత్తచోటికి మారాయి, చోటు చాలక పాత డిస్కుల్ని కూడా చెరిపి అందులోనే కలిపేశారు. అలా కొన్ని నెలలు బాగానే గడిచాయి. వానాకాలం చివర తుఫాను గాలి పట్టింది. క్యాంపు బస్సు వచ్చిన రోజది. మధ్యాహ్నం నేను వరసగా ఫోటోలు తీస్తుంటే కరెంటు పోయింది. జనరేటరు అందుకోలేదు. యూపీఎస్ బ్యాటరీలు ముసలివైపోయాయని ఎవరూ చూసుకోలేదు. కాసేపు కూసి ఊరుకున్నాయి. కరెంటు తిరిగొచ్చాక ఒక డిస్కు లేవలేదు.

ఆయన మొదట కంగారుపడలేదు. “ఒకటే కదమ్మా. మిగతావి లెక్క కట్టేస్తాయి” అని దాని చోట వేరే డిస్కు పెట్టారు. ఆ లెక్క మర్నాటి దాకా సాగింది. అప్పుడు నన్ను గదిలోకి పిలిచారు.

“మీకు కళ్ళు తెలుసు కదమ్మా. ఇవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్పండి.”

మొదటి ఫోటో తెరిచారు. పై సగం నారింజ రంగు, నరాలు, అంతా ఉంది. కింది సగం ఉత్త బూడిద రంగు. రెండోది మొత్తం గీతలు గీతలు. మూడోది తెరుచుకోనే లేదు. ఆయన ఒక్కొక్కటీ తెరుస్తూ పోతున్నారు, నేను ఒక్కొక్క దానికీ లేదని తలూపుతున్నాను. చివరికి నేను తలూపడం కూడా మానేశాను.

“కుళ్ళు కనిపెడతాడని చెప్పాను కదమ్మా. కనిపెట్టాడు. అన్నీ కుళ్ళాయనే చెప్తున్నాడు” అన్నారు. మూలనున్న పాత కంప్యూటరు వైపు చూశారు. “దానికి ఒక్కసారి కూడా మధ్యలో కరెంటు పీకి చూడలేదమ్మా నేను.”

డిస్కుల్ని హైదరాబాదు పంపారు. ఏవో కొన్ని వెనక్కి వచ్చాయి. జీతాల పట్టీలు, మందుల జాబితాలు వచ్చాయి. ఆ పెళ్ళి వీడియో చెక్కుచెదరకుండా వచ్చింది. కళ్ళు దాదాపుగా ఏవీ రాలేదు.

మేనేజరు గారి గదిలో మీటింగు పెట్టారు. తప్పంతా తనదేనని, ఏ హెచ్చరిక చదివి కూడా పెడచెవిన పెట్టారో, అంతా సర్వర్ గారే చెప్పుకొచ్చారు. ఉద్యోగం పోతుందని సిద్ధపడి వచ్చిన మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. స్వెట్టరు లేకుండా ఆయన్ని లోపల చూడటం నాకదే మొదటిసారి.

మేనేజరు గారు ఫోను చూసుకుంటూ, “సరేలెండి, పోతే పోయాయి. కళ్ళు వాళ్ళ దగ్గరే ఉన్నాయిగా, మళ్ళీ తీద్దాం. అసలా పాతవి ఎవరు చూస్తారండీ?” అన్నారు.

డాక్టరమ్మ అక్కడే ఉన్నారు. ఆవిడ ఆ ఫోటోలు రోజూ చూసేవారు. మీటింగు అక్కడితో అయిపోయింది. సర్వర్ గారు మాత్రం ఇంకా నిలబడే ఉన్నారు. ఇంకా ఏదో ఉంటుందని, ఎవరో ఒకరు తనని ఏదో అంటారని ఎదురుచూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ లేచి వెళ్ళిపోయాక నేనే, “వెళ్దాం రండి” అన్నాను.

ఆ తర్వాతి ఆదివారం ఆయన చర్చికి వెళ్ళలేదు. “ఫోటోలు పోయినవాళ్ళకి చెప్పాలి కదమ్మా” అని బయల్దేరారు. ఊళ్ళూ మనుషులూ నాకు గుర్తని నన్నూ రమ్మన్నారు. మండవల్లి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, ఆటో పోని చోట చెరువు గట్టు మీద నడక. రెండువైపులా నీళ్ళు, నీళ్ళని చిలికే గాలి చక్రాలు, తవుడు బస్తాల వాసన. గట్టు మీద తాటాకు పాకలో కాపలా ఉండే ఒక పెద్దాయన దగ్గరికి ముందు వెళ్ళాం. షుగరుతో ఆయన కుడి కన్ను అప్పటికే పోయింది. ఎడమ కన్ను నిలబెట్టాలని డాక్టరమ్మ పాత ఫోటోలు పెట్టుకుని కుస్తీ పడుతుండేవారు.

“ఏలూరు కంటాసుపత్రి నుంచి వచ్చామండీ” అనగానే ఆయన గబగబా లేచి, తువ్వాలుతో మంచం దులిపాడు. సర్వర్ గారు కూర్చోలేదు. మీ కళ్ళ ఫోటోలు నా చేతిలో పోయాయండీ, ఇక దొరకవు, ఈసారి డాక్టరమ్మ పాతవి చూడకుండానే వైద్యం చెయ్యాలి, మీరు తప్పకుండా త్వరగా రావాలి అని నిలబడే చెప్పారు.

పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“కుడికన్ను ఎలాగూ పోయిందండి. దాని బొమ్మన్నా మీ దగ్గరుందనుకున్నాను. అదీ పోయిందాండి?”

“పోయిందండీ.”

“పోనీలెండి బాబూ. మీరు మాత్రం ఏం చేస్తారు. ఇంత దూరం వచ్చారు, ఒక కొర్రమీను తీయిస్తాను, పట్టుకెళ్ళండి.”

వద్దన్నా వినలేదు. వచ్చేటప్పుడు బస్సులో కొర్రమీను సంచి సర్వర్ గారి ఒళ్ళో ఉంది. నీళ్ళు కారి ప్యాంటు తడిసిపోతోంది. లోపల చేప ఇంకా కదులుతోంది.

“ఇది నేను తినలేనమ్మా. మీరు పట్టుకెళ్ళండి.”

“మేం తినమండీ.”

“అవును కదా, మర్చిపోయాను” అన్నారు. ఏలూరు బస్టాండులో పూలమ్మే ఆవిడకి ఇచ్చేశాం. ఆవిడ మురిసిపోయి, మీ బిడ్డలు చల్లగుండాలని దీవించింది. ఆ దీవెనకి ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నారు.

తర్వాత ఆదివారాలన్నీ ఒక్కరే వెళ్ళొచ్చారు. ఎక్కడా ఎవరూ ఒక్క మాట అనలేదట. ఒకచోట మజ్జిగిచ్చారట, ఒకచోట అసలు ఫోటో తీశారనే గుర్తు లేదన్నారట. మరొకచోట మనిషే లేడట.

ఆ ఏడాదిలోపే పెద్దాయన ఎడమ కన్నూ పోయింది. పాత ఫోటోలుంటే ఆగేదో లేదో డాక్టరమ్మ కూడా చెప్పలేరు. సర్వర్ గారు అడిగితే ఆవిడ ఆ మాటే చెప్పారు. అది ఆయనకి ఊరటలా వినిపించలేదు.

సర్వరుని మళ్ళీ పాత ఫైల్ సిస్టంకి మార్చారు. ప్రతిదీ రెండు చోట్ల రాయించారు, డాక్టరమ్మ పట్టుబట్టి డిస్కులు తెప్పించారు. అయినా ఆయనకి దేని మీదా నమ్మకం కుదరలేదు. కాపీ అయిందో లేదో చూసి, తలుపు వేసి, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కెళ్ళి చూసేవారు. కూనిరాగం ఆగిపోయింది. కొంతకాలానికి ట్రస్టువాళ్ళు ఫోటోలన్నీ ఎక్కడో దూరాన ఒక కంపెనీ చూసుకునేలా ఒప్పందం చేసుకున్నారు. మెట్ల కింద గదిలో కళ్ళజోళ్ళ ఫ్రేముల పెట్టెలు పెట్టారు. ఆయన్ని టోకెన్ల కౌంటర్లో కూర్చోబెట్టారు. పాత అలవాటు కొద్దీ ఒక నర్సమ్మ, “సర్వర్ గారూ, రెండిడ్లీ” అంది. “ఆ పని మానేశానండీ” అన్నారు ఆయన. మర్నాటి నుంచి రాలేదు.

ఆ తర్వాత ఫోనులో ఒక్కసారే మాట్లాడాను. మా అన్నయ్య మార్కెట్లో కొట్టుకి చిన్న సర్వరు కొనుక్కుని, ఏ ఫైల్ సిస్టమ్ పెట్టాలో మీ సార్ని అడగవే అన్నాడు.

“నన్నడక్కండమ్మా” అన్నారు.  పెట్టేస్తారేమో అనుకుంటుండగా ఆయనే అడిగారు. “మన ఫోటోలు కొత్తచోట రెండు కాపీలుంటున్నాయా?”

“ఉంటున్నాయండీ.”

“మీరు చూశారా?”

చూడలేదు. అది మాకెవరికీ కనిపించేది కాదు. ఆ మాటే చెప్పాను. “అయితే ఉంటానమ్మా” అని పెట్టేశారు.

టీ కొట్టతను దారి చూపిస్తే ఆయన ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ నన్ను గుర్తుపట్టారు. ఏడవలేదు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి కూర్చున్నారు.

“ఎన్నిసార్లు మొత్తుకున్నానోనండీ. ఒకసారి నేనే ఆటో మాట్లాడి మీ గేటు దాకా తీసుకొచ్చాను. లోపల మైకులో టోకెన్లు పిలుస్తున్నారు. అది విని, ఆటో తిప్పమను అన్నారు. ఏంటండీ అంటే, ‘ఫోటో తీయాలంటే ఆ అమ్మాయి నా ఎదురుగా కూర్చుంటుంది. నా కన్ను మాత్రం భద్రంగా దాచమని ఏ ముఖం పెట్టుకుని అడగను’ అన్నారు. అంతేనండీ. మళ్ళీ ఆ మాటెత్తనివ్వలేదు.”

 నేను లేవబోతుంటే ఆవిడ కొంగు సర్దుకుంటూ నెమ్మదిగా అడిగారు.

“నాకూ షుగరుందండీ. నేను రావచ్చాండీ అక్కడికి?”

మరుసటి వారం ఆవిడే వచ్చారు. టోకెను తీసుకుని అందరితోపాటు బెంచీ మీద కూర్చున్నారు. కంట్లో చుక్కలు వేయించుకుని, వంతు వచ్చాక నా గదిలోకి వచ్చి, కుర్చీ చేతుల్ని తడుముకుంటూ కూర్చున్నారు.

“ఇందులో ఇదివరకు కూర్చున్నానండీ. ఆయనే తీసుకొచ్చారు, మీరు సెలవులో ఉన్నట్టున్నారు. అప్పుడు తీశారు నా కళ్ళు. తర్వాత ఆ ఫోటోలు పోయాయని ఆయన అన్నం మానేసి కూర్చున్న రోజుల్లో, నావి కూడా పోయాయాండీ అని అడిగాను. ‘నీవి భద్రంగా ఉన్నాయే. నీవి ఎలా పోనిస్తాను’ అన్నారు. వెతకండి, ఉంటాయి. డాక్టరమ్మకి పనికొస్తాయి.”

ఆవిడ పేరు కొట్టాను. ఊరు కొట్టాను. ఆయన పేరుతో కలిపి కొట్టాను. తెర ఖాళీగా వచ్చింది.

మందు చుక్కలకి ఆవిడ కళ్ళు విప్పారి ఉన్నాయి. అక్షరాలు ఆనని చూపుతో తెర వైపే చూస్తున్నారు.

“ఉన్నాయాండీ?”

“ఉన్నాయండీ” అన్నాను. “గడ్డం ఇక్కడ ఆనించండి. రెప్ప వెయ్యకండి.”